బుంగ పడిందన్న కబురు

సైకిలు తొక్కడం వచ్చినంత బాగా నాకు నిజం చెప్పడం కూడా వచ్చి ఉంటే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసే అవసరం ఉండేది కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను మంచిదాన్ని కాదు. పోనీలే పాపం, చిన్నపిల్ల, అప్పుడు ఏం తెలుసు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై మూడేళ్ళు నాకప్పుడు. అన్నీ తెలుసు.

తొంభైల్లో సంగతి. మాది విజయవాడలో భవానీపురం. డిగ్రీ అయ్యి, బీయీడీ అయ్యి, ఇంట్లో కూర్చుని అమ్మతో రోజూ పోట్లాడుతున్న రోజుల్లో ఉయ్యూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. విజయవాడ నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వెళ్ళిరావడం ఆడపిల్లకి కష్టమని, ఉయ్యూరుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో ఉండి వెళ్ళమన్నారు. పెద్దమ్మ మెత్తటి మనిషి. పెదనాన్న అలా కాదు. మాగాణి ఉంది, ఊళ్ళో నీటి సంఘానికి పెద్ద, అరుగు మీద కూర్చుని ఆయన గట్టిగా దగ్గితే వీధి చివర ఉన్నవాళ్ళు కూడా సర్దుకుని నిలబడేవాళ్ళు. మా నాన్న ఒక పాత లేడీస్ సైకిలు కొని, బస్సు టాపు మీద వేయించి పంపాడు. పెదనాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి షరతు పెట్టాడు.

"రోడ్డు మీద వెళ్ళు. నలుగురూ చూసే దారిలో వెళ్ళు. కాలవ కట్ట ఎక్కావని నా చెవిన పడిందో, ఆ రోజే నిన్నూ నీ సైకిల్నీ బస్సెక్కించి మీ నాన్న ఇంటి ముందు దించి వస్తా."

సరేనన్నాను. వారం రోజులు రోడ్డు మీదే వెళ్ళాను. అది చెరకు సీజను. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు ట్రక్కులకి రెండు పక్కలా చెరకు గడలు వేలాడేసుకుని, రోడ్డు తమ తాతలదన్నట్టు వచ్చేవి. ఒక రోజు అలాంటి గడ ఒకటి నా భుజాన్ని తోసింది. సైకిలూ నేనూ టిఫిన్ క్యారియరూ కలిసి పక్కన బురదగుంటలో పడ్డాం. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. డ్రైవరు మీద వచ్చిన కోపం పెదనాన్న మీదకి మళ్ళింది. నలుగురూ చూసే దారిలో నలుగురూ చేసింది ఇదే గదా అనుకుని మర్నాడు పొద్దున్నే కట్ట ఎక్కేశాను.

అబ్బ, ఆ దారి! అంతకు ముందు ఏడే కట్ట పొడుగునా ఎర్ర గ్రావెలు తోలించారు. ట్రాక్టర్లు ఎక్కితే కట్ట కుంగుతుందని రెండు చివర్లా రాళ్ళు పాతారు. ఆ రాళ్ళ సందులోంచి మనిషి, మేక, సైకిలు తప్ప మరేదీ దూరదు. హారన్ లేదు, పొగ లేదు, ఎవరికోసమో పక్కకి తప్పుకునే పని లేదు. చక్రాల కింద గ్రావెలు కరకరమంటుంటే ఆ చప్పుడు ఒక్కటే నాకు తోడు. మా డెల్టాలో ఎంత దూరం పోయినా ఎత్తుపల్లాలుండవు. ఉన్న ఒక్క మిట్టా కాలవ కట్టే. దాని మీద నుంచి చూస్తే ఎడమ పక్క నిండుగా కాలవ, కుడి పక్క చాలా కింద వరి చేలు. నీళ్ళు పైన, చేలు కింద. ఆ మాటలో ఎంత భయం ఉందో రైతుబిడ్డకి తెలుస్తుంది. నేను గుమాస్తా కూతుర్ని, నాకు అందంగా కనిపించింది.

గ్రావెల్లో తొక్కడానికి ఒక ఒడుపు ఉంది. హ్యాండిలు బిగించి పట్టుకుంటే పడిపోతాం. వదులుగా పట్టుకుని, చక్రం కాస్త అటూ ఇటూ జారితే జారనిచ్చి, కాళ్ళు మాత్రం ఆపకూడదు. పది రోజుల్లో పట్టుబడింది. పొద్దున వెళ్ళేటప్పుడు నీటి వాలు వెంట దిగువకి వెళ్ళేదాన్ని, సాయంత్రం పైరగాలికి కొంగు ఎగిరిపోతుంటే వెనక్కి వచ్చేదాన్ని. దారిలో లకుముకి పిట్టలు, గట్టున మేసే గేదెలు, అప్పుడప్పుడూ గడ్డి కోసుకునే ఒక ముసలమ్మ. అంతే. నా బతుకులో ఎవరూ ఏమీ అనని గంట అదొక్కటే. దాన్ని పోగొట్టుకోకూడదని ఎంత గట్టిగా అనుకున్నానో చెబితే, ఆ తరవాత చేసిన పని కొంతయినా అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఒప్పుకోమని నేనడగను.

ఆ కట్టకి ఒక లస్కరు ఉండేవాడు. తన వాటాకి వచ్చిన కట్టని రోజూ నడిచి చూసుకోవడం, చేలకి నీళ్ళు పోయే తూముల తలుపులు ఎత్తడం, దించడం, కాలవకి అడ్డం పడే గుర్రపు డెక్క లాగెయ్యడం లస్కరు పని. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎండకి మాడిపోయి ఉండేవాడు. ముస్లిం. ఊళ్ళో వాళ్ళు సాయిబూ అని కేకేసేవాళ్ళు. నేను సాయిబు గారూ అనేదాన్ని. మొదటి రోజే నన్ను చూసి చెయ్యెత్తి ఆపాడు.

"పెద్దాయన గారికి తెలుసామ్మా, ఈ దారెంట వస్తన్నట్టు?"

"తెలీదు. చెప్పకండి సాయిబు గారూ, మీకు పుణ్యముంటుంది."

"నాకెందుకు చెప్తానమ్మా. ఈ కట్ట మీదికి ట్రాక్టరు రాగూడదు గానీ టీచరమ్మ రావచ్చు. వాన పడ్డ రోజు మాత్రం చేల వైపు అంచుకి పోబోకండి, జారుద్ది."

అప్పట్నుంచి రోజూ ఒక మాట మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మాటలన్నీ చివరికి ఒక్క చోటికే చేరేవి. పర్మినెంటు. పదిహేనేళ్ళకి పైగా రోజుకూలి మస్టరు మీదే పనిచేస్తున్నాడు. ఈసారి కొందరిని పర్మినెంటు చేస్తారని, లిస్టులో తనూ ఉన్నాడని ఆఫీసులో ఎవరో చెప్పారట. అది అయితే ఉయ్యూరు దగ్గర, కాలవకి పెద్ద తలుపులుండే లాకుల దగ్గర పక్కా క్వార్టరు ఇస్తారు. "మా ఇంటావిడ వానాకాలంలో ఇంట్లో గొడుగేసుకుని వండుద్దమ్మా" అని నవ్వేవాడు. నవ్వినా ఆ మాట రోజూ అనేవాడు గనుక అది నవ్వులాట కాదని తెలుస్తూనే ఉండేది. ఇంకో మూడు నెలలట, రెండు నెలలట, ఈ పంట అయ్యేలోగా అట. ఏ గొడవా రాకుండా ఈ పంట దాటితే చాలు అనేవాడు.

తరవాతి ఏడు, వరి పొట్ట మీద ఉన్న రోజులు. పైన వానలు బాగా పడి కాలవ అంచుల దాకా ఉంది. ఆ పొద్దున కొంచెం ఆలస్యంగా బయల్దేరాను. మైలు దూరం పోయాక, కట్టకి చేల వైపు వాలులో ఆయన తల, భుజాలు మాత్రం కనిపించాయి. నడుం దాకా బురదలో ఉన్నాడు. ఎండుగడ్డి చుట్టలు చుట్టి ఎక్కడో కుక్కుతున్నాడు. నన్ను చూసి గట్టిగా అరిచాడు.

"అమ్మాయిగారూ! లాకుల కాడ మా ఇన్‌స్పెక్టరు గారుంటారు. బుంగ పడిందని చెప్పండమ్మా! సాయిబు కదల్లేడు, బుంగ పడింది, అందర్నీ తోలుకు రమ్మన్నాడని చెప్పండి!"

"సరే సాయిబు గారూ!" అని నేనూ అరిచి, ఆగకుండానే వెళ్ళిపోయాను.

మా నాయనమ్మ మంచినీళ్ళ కుండని బుంగ అనేది. పెద్ద పొట్ట, సన్న మూతి ఉండే మట్టి కుండ. నాకు తెలిసిన బుంగ అదొక్కటే. కాబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, సాయిబు గారి ఇంటావిడ నీళ్ళకొచ్చి కుండ కాలవలో జారవిడిచింది, అది తేలుకుంటూ దిగువకి పోతోంది, లాకుల దగ్గర పట్టుకోమంటున్నాడు. కాలవలో పడిన చెంబులు, బిందెలు, చెప్పులు లాకుల దగ్గరే దొరుకుతాయని అందరూ అనుకోవడం విన్నాను. సరిగ్గా సరిపోయింది. మట్టి కుండ కోసం ఇంత గగ్గోలా, దానికి జనాన్ని తోలుకు రావడమా అని నవ్వుకున్నాను కూడా. ఆయన బురదలో ఎందుకున్నాడో, గడ్డి ఎందుకు కుక్కుతున్నాడో ఒక్క క్షణం ఆలోచించలేదు. నా బుర్ర ఆ పూట చెప్పాల్సిన పాఠం మీద ఉంది.

లాకుల దగ్గరికి వచ్చాను. కాలవ డిపార్టుమెంటు ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. ఇంకో ముగ్గురితో కలిసి టీ తాగుతున్నాడు. వారానికి ఒకసారైనా మా పెదనాన్న అరుగు మీద కాఫీ తాగే మనిషి. ఇంట్లో నన్ను చూశాడు. నేను ఆగి, దిగి, మాట్లాడితే, సాయంత్రానికి పెదనాన్నకి తెలిసిపోతుంది. మీ అమ్మాయి కట్ట మీద వస్తోందండోయ్ అని కాఫీ తాగుతూ చెప్పేస్తాడు. దేనికి? ఒక మట్టి కుండకి. కొంగు తల మీదికి లాక్కుని, మొహం అటు తిప్పుకుని, గట్టిగా తొక్కాను.

బుంగ అంటే తెలీక చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. కుండే అనుకో. కదల్లేని మనిషి బతిమాలి చెప్పిన కబురు అది. సరేనని మాటిచ్చాను. అక్కడ ఆగకుండా చేసింది ఆ మాట తెలియకపోవడం కాదు, నా సైకిలు పోతుందన్న భయం. సిగ్గులేకుండా ఇంకో సంగతి కూడా రాస్తాను. అర్థం తెలిసి ఉన్నా ఆగేదాన్నా అని అడిగితే, ఆగేదాన్ననే అంటాను, కానీ గుండె మీద చెయ్యి వేసుకుని మాత్రం అనలేను.

ఇంటర్వెల్లో స్టాఫ్ రూములో ఆ కుండ కథ చెప్పి అందర్నీ నవ్విద్దామనుకున్నాను. సాయిబు గొంతు అనుకరిస్తూ చెప్పాను కూడా. హిందీ టీచరు గారు పల్లెటూరి మనిషి, పెద్దావిడ. నవ్వలేదు. చేతిలో బిస్కెట్టు అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"బుంగంటే కుండనుకున్నావుటే! ఎండ్రకాయలో పందికొక్కులో కట్టలో బొరియ చేస్తే, ఆ బొరియలోంచి నీళ్ళు ఇవతలకి ఊరతాయి. దాన్ని బుంగ పడటం అంటారు. గంటలో కట్ట తెగుద్ది. చెప్పావా లేదా, లాకుల దగ్గర?"

"చెప్పాను" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. తడుముకోలేదు, తొట్రుపడలేదు. "హమ్మయ్య, బతికించావు" అని ఆవిడ బిస్కెట్టు టీలో ముంచుకుంది. నేను బాత్రూముకి అని చెప్పి బయటికి వచ్చాను. సైకిలు స్టాండు తీశాను, లాకుల దాకా పది నిమిషాల దారి, ఇప్పుడైనా పోదామని. గేటు దగ్గరికి రాలేదు, అటెండరు ఎదురొచ్చాడు. "ఎక్కడికి మేడం? మీ ఊరి కాడ గండి పడిందంట, జనమంతా అటే పోతన్నారు" అన్నాడు. సైకిలు మళ్ళీ స్టాండు వేసి క్లాసుకి వెళ్ళాను. ఆ పీరియడులో ఏం చెప్పానో గుర్తు లేదు.

సాయంత్రం రోడ్డు మీదుగా వచ్చి చూశాను. నా గ్రావెలు దారి మధ్యలో రెండు బస్సులు పట్టేంత మేర కొట్టుకుపోయింది. అందులోంచి కాలవ మొత్తం చేలలోకి దూకుతోంది. పొట్ట మీదున్న వరి కనుచూపు మేర నీళ్ళ కింద పడుకుంది. గండికి దగ్గరున్న చేలల్లో ఇసక మేట వేసేసింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. మగవాళ్ళు సరుగుడు కర్రలు పాతుతూ, ఇసక బస్తాలు అందిస్తూ అరుచుకుంటున్నారు. పెదనాన్న పంచె ఎగ్గట్టి బురదలో నిలబడ్డాడు. ఒక కౌలు రైతు భార్య గట్టున కూర్చుని గుండెలు బాదుకుంటోంది. సాయిబు గారు గండి నోట్లో, మెడ దాకా నీళ్ళలో, బస్తాలు అందుకుంటున్నాడు. నన్ను చూశాడు. మళ్ళీ బస్తా కోసం చేతులు చాచాడు.

మూడో రోజు విచారణకి డిపార్టుమెంటు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నీటి సంఘం పెద్ద గనుక మా పెదనాన్న అరుగు మీదే కుర్చీలు వేశారు. ఇన్‌స్పెక్టరు, ఊరి రైతులు పదిమంది అరుగు మీద. సాయిబు గారు కింద, వాకిట్లో నిలబడ్డాడు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మం లోపల నిలబడ్డాను. పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదు, లేకపోతే నేనక్కడ ఉండేదాన్నే కాదు.

"బుంగ చూసి ఎందుకు కబురు చెయ్యలేదయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"చేశానండి."

"ఎవరికి? నాకెవరూ చెప్పలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పొద్దున్నుంచీ లాకుల మీదే ఉన్నాను సార్. ఎవరో ఒక ఆడమనిషి సైకిలు మీద పోయింది గానీ, ఆగను కూడా ఆగలేదు."

ఆఫీసరు సాయిబు వైపు తిరిగాడు. "ఆవిడతో పంపావా?"

నేను రోడ్డు మీదే వెళ్తానని నమ్మిన పెదనాన్నకి అనుమానం కూడా రాలేదు. సాయిబు గారు తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. నన్నే చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది. నేను చెప్పొచ్చు. నాతోనే పంపాడండీ అని రెండే రెండు మాటలు. నేను గ్లాసులు సర్దుతూ నిలబడ్డాను. ఆయన చూపు దించుకున్నాడు.

"కాదండి. దారినపోయే వాళ్ళెవరితోనో అండి. గుర్తు లేదండి."

"కబురు పంపినవాడికి ఎవరితో పంపాడో గుర్తుండదా?"

"ఏం గుర్తుంటుంది సార్" అన్నాడు మా పెదనాన్న కోపంగా. ఆయన చేలో కూడా ఇసక మేట వేసింది. "కట్ట మీద చెట్టు కింద ముసుగుతన్ని పడుకునుంటాడు. నిద్ర సాయిబు!"

అంత నష్టంలో ఉండి కూడా అరుగు మీద అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకోవడంతో పదిహేనేళ్ళ మస్టరూ, లిస్టూ, క్వార్టరూ అన్నీ పోయాయి. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. ఆయన ఒంగి ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నేను అందరికీ కాఫీలు ఇచ్చాను. పెదనాన్న నా మొహం చూసి "ఏంటే, జ్వరమా?" అని అడిగాడు. కాదన్నాను. ఆ క్షణంలో నాకు అనిపించింది దుఃఖం కాదు, ఏడుపు కాదు. బతికిపోయాననిపించింది. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది అదే. అంత పెద్ద అన్యాయం కళ్ళముందు జరిగితే, నా లోపల ఊపిరి హాయిగా బయటికి వచ్చింది.

ఆ తరవాత కట్ట ఎక్కలేదు. బస్సులో వెళ్ళాను. విద్యాసంవత్సరం అయ్యాక భవానీపురం వచ్చేశాను. కొన్నాళ్ళకి గవర్నమెంటు టీచరు ఉద్యోగం వచ్చింది. పర్మినెంటు. అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతికిచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతుంటే నాకు నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. సైకిలు మళ్ళీ మొదలుపెట్టింది మోకాళ్ళ నొప్పులకి డాక్టరు చెప్పాక, రెండు వేల సంవత్సరం దాటిన చాలా ఏళ్ళకి. పొద్దున్నే కృష్ణ ఒడ్డున ఖాళీగా ఉన్న దారుల్లో తొక్కేదాన్ని. ఎక్కడ చక్రం కింద గ్రావెలు కరకరమన్నా, నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి.

ఆ రోజుల్లోనే పెదనాన్న కొత్త డాబా కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. ముందు రోజు సాయంత్రమే వెళ్ళాను. తెల్లవారి వ్రతం జరుగుతుండగా, ఇంటి ముందున్న ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని కట్ట ఎక్కాను. రాళ్ళు ఇంకా ఉన్నాయి. గ్రావెలు అరిగి మట్టిలో కలిసింది గానీ ట్రాక్టరు మాత్రం రాలేదు. గడ్డి కోస్తున్న ఒకాయన్ని, ఇదివరకు ఇక్కడ లస్కరుగా చేసిన సాయిబు గారు ఎక్కడుంటారని అడిగాను.

"ఎవరు, నిద్ర సాయిబా? అదుగో, చేపల చెరువు కాడ కాపలా ఉంటాడు. కాపలా అంటే ఏముందిలే, నిద్దరే గదా!" అని నవ్వాడు.

చెరువు గట్టు మీద రేకుల పాక ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను వెంటనే పోల్చుకున్నాడు. నవారు మంచం చూపించి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మంచీచెడ్డా మాట్లాడి వచ్చేస్తానని నాకు తెలుసు.

"ఆ రోజు లాకుల దగ్గర నేను ఆగలేదు సాయిబు గారూ. మీ కబురు చెప్పలేదు."

"తెలుసమ్మా. చెప్పుంటే వాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు గదా."

"మరి ఆఫీసరుకి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"ఆడపిల్లని అంతమందిలోకి నేనెట్టా లాగుతానమ్మా" అన్నాడు. "మీరే చెప్తారనుకున్నా. గుమ్మంలో ఉన్నారు గదా. వాకిట్లో దణ్ణం పెట్టి ఎల్లేటప్పుడు కూడా ఎనకనించి పిలుస్తారేమోనని మెల్లగా నడిచా."

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం. నా మీద కోపం ఉందా అని అడిగాను, ఆ ప్రశ్న అడగడానికి కూడా సిగ్గుండాలి. "ఎందుకుండదమ్మా" అన్నాడు మామూలుగా. కావాలంటే ఆఫీసుకి వచ్చి జరిగింది జరిగినట్టు రాసిస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ ఆఫీసరూ లేడు, ఆ లిస్టూ లేదు. ఉద్యోగం వయసూ అయిపోయింది. క్వార్టరులో వండాల్సిన మనిషీ పోయింది. ఇంక రాసి ఏం చేస్తారు? నా మనవడ్ని కూడా బళ్ళో నిద్ర సాయిబు మనవడా అని పిలుస్తన్నారమ్మా. అది పోతే చాలు. ఆ రోజు మీ అరుగు మీద పెట్టిన పేరే గదా. అక్కడే చెప్పండి, పెద్దాయన గారి ముందు, నలుగురిలో."

ఇప్పుడే చెప్తానన్నాను. సైకిలెక్కి, ఎంత జోరుగా తొక్కానో, దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి వ్రతం అయిపోయింది. కొత్త వరండాలో కుర్చీలు వేసుకుని పెదనాన్న, చుట్టాలు, ఊరి పెద్దలు భోజనాల పిలుపు కోసం చూస్తున్నారు. అప్పటి రైతులు కొందరు అందులో ఉన్నారు. మెట్ల మీద నిలబడే చెప్పాను. కట్ట మీద తిరిగింది, కబురు తీసుకుంది, లాకుల దగ్గర మొహం తిప్పుకుని పోయింది, గుమ్మంలో నోరు మూసుకుని నిలబడింది, ఏదీ దాచలేదు. లోపలి ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పెదనాన్న చేతి కర్ర నేలకి ఆనించి ముందుకి వంగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చివరికి నిట్టూర్చి, పక్కనున్నాయన వైపు తిరిగి అన్నాడు.

"అయితే పాపం, మన నిద్ర సాయిబు తప్పేం లేదన్నమాట."

ఆ పక్కాయన "అవునండీ, నిద్ర సాయిబు మంచోడే" అని తల ఊపాడు. ఇంకెవరో కూడా అదే మాట అన్నారు. జాలిగానే అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అలా పిలవద్దు పెదనాన్నా! ఆయన పేరు అది కాదు" అని అరిచాను.

"సరేనే, అరవకు. మరేంటి ఆయన పేరు?" అన్నాడు పెదనాన్న. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు.